గుప్పెడు చూసి చెప్పిన మాట

బెంగళూరు,
ఆదివారం.

అక్కకు, తమ్ముడు శ్రీను దణ్ణాలు.

నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ బావా నాన్నా ఎలా ఉన్నారు? అకాల వానకి కల్లంలో మిరపకాయ తడిసిందని ఫోనులో విన్నప్పట్నుంచి అదే దిగులు. ఇక్కడ ఎండాకాలంలోనూ దుప్పటి కావాలి. సాంబారులో బెల్లం వేస్తారు. వేళకే తింటున్నాను, బెంగపడకు.

అసలు సంగతి చెప్పాలి. నాన్నకి చదివి వినిపించేటప్పుడు ఇక్కడ్నుంచి దాటెయ్యి.

నా పరిశోధన దేనిమీదని అడుగుతుంటావు కదా. గళ్ళ గళ్ళ వల ఊహించుకో. ప్రతి గీత మీదా అణువంత అయస్కాంతం. అన్నీ కలిసి ఒక క్రమాన్ని పట్టుకుని ఉంటాయి. ఏ ఒక్క గడిలో వెతికినా అది కనపడదు, ఈ కొసనుంచి ఆ కొసదాకా చుట్టి వస్తేనే తెలుస్తుంది. బయటినుంచి కాస్త కదిలిస్తే అయస్కాంతాలు కొద్దిగా వంగుతాయి గానీ క్రమం చెక్కుచెదరదు. కదిలింపు ఒక హద్దు దాటిందా, నీళ్ళు ఆవిరైనట్టు మొత్తం మారిపోతుంది. ఆ హద్దు ఎక్కడో మాధవన్న లెక్కగట్టాడు. ఆయనది అద్దంకి, నాకు సీనియరు, థీసిస్ ఇచ్చేశాడు.

నేను కంప్యూటర్లో ఒక్క గడి తీసి చూస్తే చిన్న కదిలింపుకే అయస్కాంతాలు వంగాయి. క్రమం పోయింది, మాధవన్న అబద్ధం రాశాడనుకున్నా. పెద్దవాళ్ళు చెప్పారని నమ్మకూడదని హేతువాదుల కరపత్రాల్లో చదువుకున్నవాణ్ణి కదా! ఆయన్ని అడగనైనా అడక్కుండా, ఫలితం తప్పని చేత్తో కరపత్రం రాసి డిపార్టుమెంటు గోడకి అంటించా. అది చూసి, పీహెచ్‌డీలు తేల్చే కమిటీవాళ్ళు ఆయన థీసిస్ ఆపేశారు.

మెస్ దగ్గర మాధవన్న పట్టుకున్నాడు.

“ఏరా, మిర్చి యార్డులో బస్తా అనుకున్నావా? గుప్పెడు తీసి, విరిచి, సరుకు చెప్పెయ్యడానికి? వలంతా చుట్టొచ్చావా అసలు?”

“చుట్టక్కర్లా! వంగినయ్యి కనపడతానే ఉన్నయ్యి,” అని అరిచా.

“వంగితే పోయినట్టేనా? నీ నోరు మీ సత్తెనపల్లి దాకా వినపడుద్ది, లెక్క మాత్రం గడి దాట్లా!”

అందరూ నవ్వారు. ఒళ్ళు మండింది. ఆయనదే తప్పని తేల్చాలన్న కసితో వలంతా చుట్టి కొలిచా, మూడుసార్లు. మూడుసార్లూ ఆయన చెప్పిన హద్దే వచ్చింది. నాన్న వెంట యార్డుకు తిరిగిన బుద్ధి అక్కా, గుప్పెడు చూస్తే చాలనుకున్నా.

ఆయన గదికి వెళ్ళి, “తిట్టన్నా,” అన్నా.

“తిడితే ఏమొస్తదిరా? ఈ నెలలో థీసిస్ తేలకపోతే నాకిస్తామన్న ఉద్యోగం వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు.”

తలుపు వెయ్యలేదు, కూర్చోమనీ అనలేదు.

రేపు కమిటీ. నన్ను పీహెచ్‌డీలో ఉంచాలా వద్దా అన్నదీ రేపే తేలుస్తారు. తప్పు నాదని ఒప్పుకుంటే ఇంటికి పంపినా పంపుతారు. వేళకే తింటున్నానని పైన రాసింది అబద్ధం, నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు. పంపేస్తే నాన్నకి ఏం చెప్పాలో నువ్వే ఆలోచించి పెట్టు. ముందు నా సంగతి తేల్చి, మాధవన్నది తరవాత చూద్దామన్నారు మా గైడు సారు. కాదండీ, నన్ను పంపేశాక నా మాట చెల్లదు, ఆయనదే ముందు తియ్యండి, సాక్ష్యానికి నన్ను పిలవండి అని అడిగా. సరేనన్నారు.

బావకి నమస్కారాలు. నాన్న కాళ్ళకి నా బదులు నువ్వు మొక్కు. ఈ ఉత్తరం చేరేసరికి అంతా తేలిపోయి ఉంటుంది. అయినా చదవగానే ఒకసారి దీవించక్కా.

నీ తమ్ముడు,
శ్రీను