రెండో బ్యాటరీ

ఏప్రిల్ 2, బుధవారం

రంజాన్ పండగ అయిపోయింది. ఈ పొద్దు షాపు తెరిచినాం. మధ్యాహ్నం దాకా ఒక టేబుల్ ఫ్యాన్ వచ్చింది. అంతే.

మా అబ్బా ఆదోనిలో ముప్పై ఏండ్లుగా మోటార్లకు తీగ చుడతాండాడు. ఒకప్పుడు హాలహర్వి, హొళగుంద రైతులు కాలిపోయిన బోరు మోటార్లను ట్రాక్టర్లలో ఏసుకొని, మక్బూల్ షాపు యాడ అని అడుక్కుంటా వచ్చేవాళ్ళు. ఇప్పుడు కంపెనీ వాళ్ళే వారంటీ కింద కొత్తది ఇస్తాండారు. దానికి తోడు అబ్బాకు కంట్లో పొర. సన్న తీగ కనపడదు. వేళ్ళతో తడుముకుంటా చుడతాడు. తప్పు పోతే ఆయన లేనప్పుడు నేను విప్పి మళ్ళీ చుడతాను. డిప్లొమా చదివింది దీనికేనా అనిపిస్తాది.

సాయంత్రం తమ్ముడు ఫర్హాన్ ఒక పాంప్లెట్ తెచ్చినాడు. ఎమ్మిగనూరులో ఎలక్ట్రిక్ సైకిళ్ళ షో, మరుసటి రోజు ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు రేసు. సొంతంగా చేసిన సైకిళ్ళు మాత్రమే. ఒక్క బ్యాటరీ, దానికి వాళ్ళే సీలు వేస్తారు. పెడల్ తొక్కొచ్చు. ఫస్టు వచ్చినవాళ్ళకు బెంగుళూరు కంపెనీ ఒకటి ఆదోనిలో సర్వీస్ సెంటర్ ఇస్తాదంట.

ఆపా, అక్కవు నువ్వు చెయ్యి, తమ్ముణ్ణి నేను తోల్తా అన్నాడు.

అబ్బా పాంప్లెట్ చేతికి తీసుకొని కంటికి ఆనించి చదివినాడు. రెండుసార్లు చదివినాడు.

ఏప్రిల్ 8, మంగళవారం

అబ్బా పాత సైకిల్‌కే వెనక చక్రంలో మోటారు పెట్టినాను. ఫర్హాన్ హొళగుంద రోడ్డులో ట్రయల్‌కు పోయినాడు. ఇరవై నాలుగు కిలోమీటర్లకు ఛార్జింగ్ అయిపోయింది. మిగిలింది తోసుకుంటా వచ్చినాడు. రేసు ముప్పై. వాడు పెడల్ మీద అంత దూరం లాగలేడు. చిన్నప్పటి నుంచి ఆయాసం.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఫర్హాన్ ఇంకో బ్యాటరీ దాచి పెడదాం అన్నాడు. చెంప పగులుతాది అన్నాను.

సాయంత్రం నాలుగు గంటలకు నేనే, మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్ పెట్టె ముందు కూర్చున్నాను. వాడు అడిగింది ఇంకోటి పెడదామని మాత్రమే. యాడ పెట్టాలనేది నా బుర్రే చెప్పింది. ఈ మాట రాసి పెట్టుకోవాల. సీటు కింద పెట్టెను రెండింతలు చేసినాను. సగంలో కంట్రోలర్, సగంలో సెల్లులు. హారన్ బటన్‌కు కరెంటు దారి మార్చే రిలే తగిలించినాను. బటన్ నొక్కితే హారన్ మోగదు. రెండో బ్యాటరీ అందుకుంటాది.

అబ్బా వచ్చి పెట్టెను తడిమినాడు. ఇంత పెద్దగా ఎందుకమ్మా అన్నాడు. కూలింగ్ కోసం అన్నాను. బాగా ఆలోచన చేసినావు అన్నాడు.

ఏప్రిల్ 14, సోమవారం

ముప్పై నాలుగు కిలోమీటర్లు పోయింది.

ఏప్రిల్ 19, శనివారం, రాత్రి 8

షో నుంచి ఇప్పుడే వచ్చినాం. ఎమ్మిగనూరులో పెద్ద గ్రౌండు, షామియానాలు, పదిహేడు సైకిళ్ళు. ఎండకు బ్యాటరీల మీద తడి గోనెసంచులు కప్పినారు. కమిటీ సెక్రటరీ సుధాకర్ సార్ దగ్గరుండి సీళ్ళు వేయించినాడు. నా బ్యాటరీకి కాగితం అంటించి సంతకం చేసినారు. పెట్టె మూత ఎవరూ తీయలేదు.

పక్క స్టాలు ఓబన్నది. దేవనకొండ మనిషి. యాభైకి దగ్గర ఉంటాడు. కాంట్రాక్టు మీద కరెంటు లైన్ల పని చేస్తా స్తంభం మీద నుంచి పడినాడంట, ఎడమ కాలు ఈడుస్తాడు. నడిస్తే నొప్పి, తొక్కితే లేదు, అందుకే సైకిల్ పట్టుకున్నా అన్నాడు. పాత సోలార్ లైట్ల నుంచి సెల్లులు ఏరుకొని బ్యాటరీ కట్టినాడు. చూస్తే ముతకగా ఉంది గానీ ఒక్క వైరు కూడా అనవసరంగా లేదు.

ఆయన బ్యాటరీ కనెక్టర్ ఎండకు మెత్తబడి కరిగింది. బిత్తరపోయినాడు. నేను తీసుకొని సోల్డరింగ్ టాంకా వేసిచ్చినాను. అద్దం మాదిరి వేసినావు కదమ్మా టాంకా అని పక్కవాళ్ళను పిలిచి చూపించినాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న బొరుగుల ఉగ్గాని డబ్బా తెరిచి, మూతలో సగం పెట్టి నా వైపు తోసినాడు. ఆకలి లేదన్నా వినలేదు. నా కంట్రోలర్ పెట్టె చుట్టూ తిరిగి తిరిగి చూసినాడు. రేసు అయినాక ఇట్లాంటిది నాకొకటి చేసిస్తావా అని అడిగినాడు. సరే అన్నాను.

పనితనానికి సర్టిఫికెట్ నాకే ఇచ్చినారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఓబన్న.

ఏప్రిల్ 20, ఆదివారం

ఏమి జరిగిందో వరసగా రాస్తాను.

ఏడుకు మొదలు కావాల్సింది. ముఖ్య అతిథి రాలేదు. తొమ్మిదిన్నరకు జెండా ఊపినారు. అప్పటికే తారు మెత్తగా ఉంది. అబ్బా, అమ్మీ ఎమ్మిగనూరులో రేసు ముగిసే గీత దగ్గర ఉన్నారు. నేను స్కూటీ మీద వెనకాల పోయినాను.

సగం దారికి ఏడు సైకిళ్ళు నిలబడిపోయినాయి. ఓబన్న మొదటి నుంచి ముందున్నాడు. ఎక్కడా వేగం పెంచలేదు, తగ్గించలేదు. ఎగువలో పెడల్ కలిపేవాడు, దిగువలో కరెంటు ఆపేసేవాడు. చూస్తాంటే నేర్చుకోవాలనిపించింది.

ఎమ్మిగనూరు ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనంగా ఆయన బ్యాటరీ అయిపోయింది. సీటు మీద నుంచి లేచి తొక్కడం మొదలుపెట్టినాడు. ఫర్హాన్ రెండు వందల గజాలు వెనక. వాడిదీ నీరసపడతాండాది. అట్లనే వదిలేసి ఉంటే ఓబన్న గెలిచేవాడు. ఇందులో నాకు అనుమానం లేదు.

ఫర్హాన్ వెనక్కి తిరిగి నన్ను చూసినాడు. నేను వద్దు అని చెయ్యి ఊపలేదు. వాడు బటన్ నొక్కినాడు.

పక్క నుంచి దూసుకుపోతాంటే ఓబన్న తల తిప్పి చూసినాడు. కోపం లేదు ముఖంలో. ఇంత ఛార్జింగ్ ఎట్లా మిగిలిందబ్బా అన్నట్టు చూసినాడు. అప్పుడైనా ఆయన ఆగి ఉండొచ్చు. మూడోవాడు కనుచూపు మేరలో లేడు. మెల్లగా పోయినా రెండో స్థానం ఆయనదే. ఆగలేదు. ఆ బరువు సైకిల్‌ను, ఆ ఎండలో, ఆ కాలుతో ఫర్హాన్ వెనకాల తొక్కినాడు. అన్నా నిదానం అని అరిచినాను. వాని దగ్గర రెండో బ్యాటరీ ఉంది అని అరవాల్సింది, అది అరవలేదు.

గీత దాటినాక ఫర్హాన్ మెడలో దండలు. అబ్బా ఏడుస్తాండాడు. ఓబన్న షామియానా గుంజ దగ్గర కూర్చోనుండాడు. దగ్గరికి పోయినాను. ముఖం ఎర్రగా ఉంది, చెమట లేదు. చేయి పట్టుకుంటే పెనం మాదిరి కాలింది. నీళ్ళిస్తే మింగలేక పోయినాడు. పక్కకు ఒరిగిపోయినాడు. ఎవరో నీళ్ళు కుమ్మరించినారు. నూటెనిమిదికి ఫోన్ చేసినారు.

ఓబన్నను బండి ఎక్కిస్తాంటే మైకులో నా పేరు పిలిచినారు, ఫోటోకు. పోయి నిలబడినాను.

ఏప్రిల్ 21, సోమవారం

పేపర్లో ఫోటో వచ్చింది. నవ్వుతాండాను.

ఏప్రిల్ 24, గురువారం

బెంగుళూరు కంపెనీ వాళ్ళు వచ్చి బోర్డు పెట్టేదానికి కొలతలు తీసుకున్నారు. అమ్మీ అందరికీ షర్బత్ ఇచ్చింది. అబ్బా కొత్త చొక్కా వేసుకున్నాడు. కంటి ఆపరేషన్ కూడా చేయించుకుంటాలే, ఇంగ మంచి రోజులు అన్నాడు.

సుధాకర్ సార్‌కు ఫోన్ చేసినాను. ఓబన్న కర్నూలు పెద్దాసుపత్రిలో ఉన్నాడంట. వడదెబ్బ మెదడుకు ఎక్కిందంట. మనుషులను గుర్తుపట్టడం లేదంట.

ఏప్రిల్ 27, ఆదివారం

ఓబన్న పోయినాడు. పొద్దున ఆరుకు.

ఏప్రిల్ 29, మంగళవారం

అబ్బాకు చెప్పినాను.

మధ్యాహ్నం షట్టర్ సగం దించి, కూర్చోబెట్టి, మొత్తం చెప్పినాను. పెట్టె తెమ్మన్నాడు. మూత తీసిచ్చినాను. కళ్ళకు కనపడదు కదా, ఒక్కొక్క సెల్లును వేళ్ళతో లెక్కపెట్టినట్టు తడిమినాడు. రిలే దగ్గర వేలు ఆగింది. ఇది ఎవరి ఆలోచన అన్నాడు. అడిగింది వాడు, చేసింది నేను అన్నాను. కూలింగ్ అన్నావు కదా అన్నాడు. అంతే. లేచి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కొని మసీదుకు పోయినాడు.

ఇంట్లో గొడవ. ఫర్హాన్ కంచం తోసేసి లేచినాడు. ఆయనను ఎండ చంపింది, లేటుగా మొదలుపెట్టిన పెద్దమనుషులు చంపినారు, మనం కాదు అన్నాడు. అందులో అబద్ధం లేదు. కానీ ఎవరి వెనకాల పడి తొక్కినాడు అని అడిగితే ఏడ్చినాడు. వాడు ఏడుస్తే ఐదేండ్ల పిల్లోడి మాదిరి ఉంటాడు. బ్యాగు తీసుకొని గుంతకల్లులో స్నేహితుని దగ్గరికి పోయినాడు.

అమ్మీ నన్ను చూడకుండా అన్నది. పోయిన మనిషి ఎట్లాగూ రాడు, ఉన్నోళ్ళను ఎందుకు చంపుతావు అని.

మే 3, శనివారం

సుధాకర్ సార్ ఇంటికి పోయినాను. రేసులో ఇచ్చిన కప్పు, సర్టిఫికెట్ టేబుల్ మీద పెట్టి చెప్పినాను. ఆయన లేచి తలుపేసినాడు. ఇప్పటికే లేటు ఎందుకైందని పోలీసులు అడుగుతాండారు, నువ్వు ఇది కూడా తగిలిస్తే అందరం పోతాం, గమ్మునుండమ్మా అన్నాడు. నువ్వు వదులుకుంటే సెంటర్ మూడో వానికి పోతాది, ఓబన్నకు ఏమొస్తాది అన్నాడు.

కప్పు ఆడనే వదిలి వచ్చినాను. నేను స్కూటీ స్టార్ట్ చేసే లోపల ఆయన ఇంట్లోవాళ్ళు దాన్ని తెచ్చి ముందర పెట్టి పోయినారు.

ఇంటికొచ్చేసరికి అబ్బా కంపెనీకి ఉత్తరం రాయించినాడు. కళ్ళు బాగలేవు, సర్వీస్ సెంటర్ నడపలేను, వద్దు అని. నిజమే. నిజం మాత్రం అందులో లేదు.

మే 8, గురువారం

దేవనకొండకు పోయినాను. ఒక్కదాన్నే. అబ్బా వస్తానన్నాడు. వద్దన్నాను.

ఓబన్న భార్య సుంకమ్మ వాకిట్లో కూర్చొని కొర్రల్లో రాళ్ళు ఏరతాండాది. నన్ను కంపెనీ పిల్ల అనుకున్నది. సైకిల్ కోసం వచ్చినావా, కొట్టంలో ఉండాది తీసుకపో అన్నది. కాదమ్మా అన్నాను. చేట పక్కకు పెట్టింది. నిలబడే చెప్పినాను. కూర్చుంటే చెప్పలేనేమో అనిపించింది. రెండో బ్యాటరీ, బటన్, నాలుగు కిలోమీటర్లు, నేను చెయ్యి ఊపకపోవడం, ఫోటో. ఏదీ వదల్లేదు.

తిడుతుంది అనుకున్నాను. కొడుతుంది అనుకున్నాను. దానికే పోయినానేమో కూడా.

కొర్రల్లో చెయ్యి పెట్టి ఒక రాయి ఏరి పారేసింది. తర్వాత అడిగింది.

"అయితే మా ఆయనే ఫస్టా?"

"అవునమ్మా."

"లెక్క ప్రకారం?"

"లెక్క ప్రకారం ఆయనే."

లేచి నా రెక్క పట్టుకొని వీధిలోకి తీసుకపోయింది. ఓబన్నకు అన్న అయ్యే లక్ష్మప్పను పిలిచింది. ఇండ్లలో ఉన్నోళ్ళందరినీ కేకేసి పిలిచింది. పిచ్చి సైకిలు అని నవ్వితిరి కదా, ఈ పిల్ల ఏం చెప్తాదో వినండి అన్నది. అందరి ముందర మళ్ళీ చెప్పినాను. వెనక వచ్చినోళ్ళకు వినపడలేదు, ఇంకోసారి చెప్పమన్నది. చెప్పినాను. ఒక ముసలామె, ఇదేదో ఆయన బతికుండంగా చెప్పింటే ఆసుపత్రిలో చెవిలో వేసేవాళ్ళం కదమ్మా అన్నది. లక్ష్మప్ప తల వంచుకొని పోయినాడు. సుంకమ్మ అప్పుడు ఏడ్చింది. నన్ను వదల్లేదు, రెక్క పట్టుకొనే ఏడ్చింది.

వచ్చేటప్పుడు నా ఫోన్ నంబర్ అడిగింది. ఇచ్చినాను.

మే 13, మంగళవారం

సుంకమ్మ ఫోన్ చేసింది. వాళ్ళ చుట్టాలు వచ్చినారంట. స్పీకర్లో పెట్టినాను, చెప్పమ్మా అన్నది.

చెప్పినాను.

మే 19, సోమవారం

ఈ పొద్దు రెండుసార్లు చేసింది. చెప్పినాను.