తల ఎత్తి పోసిన మందు

జామిగెడ్డ, అనంతగిరి మీద
1927 ఫిబ్రవరి 9

కొండ ప్రాంతపు పశు ప్రదర్శన సంఘమునకు అధ్యక్షులైన దొరవారి సముఖమునకు, జామిగెడ్డ గొర్రెల కాపరి పైడయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గత నెల అనంతగిరి ప్రదర్శనలో గొర్రెల కాపరులకు చేతిపని పాఠములు చెప్పుట, అందువలన నా గొర్రెలు అయిదు చచ్చుట, అదే పాఠము ఈ నెల ఇరవయ్యో తేదీన కొయ్యూరులో చెప్పబోవుట గురించి.

1. తమ సంఘమువారు మా కొండపల్లెలన్నిటను దండోరా వేయించిరి. ఎవరి గొర్రెలను వారు తోలుకొని రావలెననియు, మూడు దినములు చేతితో చేయించి నేర్పుదుమనియు చాటిరి. నమ్మితిని. ఏడు చూడి గొర్రెలను తోలుకొని, మా అప్ప దేముడమ్మను వెంటబెట్టుకొని పోతిని. మా అప్ప నాకంటె పదేండ్లు పెద్దది. కడుపులో అడ్డం తిరిగిన పిల్లను చేయి పెట్టి సరిచేసి తీయగల మనిషి. చుట్టుపక్కల ఏ మందలో ఈత కష్టమైనను ఆమెకే కబురు వచ్చును. అయినను కొత్త సంగతి నేర్చుకొనవచ్చునని మూడామడల దారి నడచి వచ్చినది.

2. మొదటి దినమున గిట్టలు కోయు పాఠము. చెప్పినవారు ప్రదర్శకులు జగన్నాథరావుగారు. కుర్చీలలో కూర్చున్నవారు బట్టల కొట్టువారు, ఉప్పు వర్తకులు, వారి బంధువులు. గొర్రెలున్న మమ్ములను తాడు కట్టి దాని వెనుక ఎండలో కూర్చుండబెట్టిరి. ప్రదర్శకులవారు పుస్తకము చూచి చదివిరి. గుడారపు గుంజకు తగిలించిన గొర్రె బొమ్మ మీద కర్ర పెట్టి గిట్ట చూపిరి. ముక్కుకు చేతిరుమాలు అడ్డము పెట్టుకొనిరి. ఆ దినమంతయు వారి చేయి ఒక్క గొర్రెకును తగలలేదు. చేతిపని పాఠమని దీనినే అందురు కాబోలు.

3. రెండవ దినము కడుపులో పురుగులకు మందు. ఇక్కడి నుంచి నాకు కచేరీ భాష చాలదు. ఎస్.కోట బడిలో నేర్చుకున్నది ఇంతవరకే. జరిగింది జరిగినట్టు రాస్తాను, మన్నించాలి.

మందు మైలుతుత్తం నీళ్లు. మందు తప్పని నేననడం లేదు. పోసిన తీరు తప్పు. వారి జవాను నా గొర్రె గడ్డం పట్టుకుని తలను ఆకాశానికి ఎత్తాడు. ప్రదర్శకులవారు దూరంగా నిలబడి, బుడ్డిలో మందంతా గబగబా పోసెయ్యమన్నారు. మా అప్ప తాడు దాటి ముందుకు వచ్చింది.

"బాబూ, తల అలగెత్తకండి! మందు ఊపిరిలోకి ఎల్లిపోతాది. మూతి నేలకి తిన్నగుంచి, ఎదురుబొంగు గొట్టంతో కొంచెం కొంచెం పొయ్యాల. అది మింగిందో లేదో సూసుకుని మళ్లీ పొయ్యాల."

"ఎవరీ మనిషి?" అన్నారు జగన్నాథరావుగారు. "అవతలికి పంపండి. పాఠం చెడిపోతోంది."

కుర్చీలవాళ్లు నవ్వారు. మా అప్పను చెయ్యి పట్టుకుని గుడారం బయటికి నెట్టారు. ఆమె అక్కడి నుంచే అరుస్తూ ఉంది: "ఒరే పైడీ, ఇడిపించీరా! బేగి ఇడిపించు!" నేను విడిపించలేదు. దొరతనం వారి పాఠానికి అడ్డం పడితే ఏమవుతుందోనని భయపడ్డాను. ఏడు గొర్రెలకూ అలాగే పోశారు. నా కళ్లెదుటే పోశారు. ఈ అర్జీలో నా మీద నేను పెట్టుకుంటున్న ఫిర్యాదు కూడా ఇదే.

మధ్యాహ్నానికి దగ్గు పట్టుకుంది. ముక్కుల్లోంచి నురగ. మరునాడు తెల్లారేసరికి నాలుగు చచ్చాయి. అయిదోది కాళ్లు కొట్టుకుంటూ ఉంటే మా అప్ప దాని పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. "పిల్ల కదుల్తోంది" అని కత్తి అడిగింది. ఊపిరి ఆగిన మరుక్షణం కోసి పిల్లను తీసింది. దాని ముక్కుకు నోరు ఆనించి ఊదింది. రక్తంతో ఉన్న పిల్లను తన కోకలో చుట్టుకుని గుండెకు అదుముకుని కూర్చుంది. అది బతికింది. అప్పుడే అటు వచ్చిన జగన్నాథరావుగారు రుమాలు తీసి, "ఛీ, ఏమిటీ అసహ్యం! జనం తిరిగే చోట!" అన్నారు.

అయ్యా, అసహ్యం అన్న మాట నాకూ తెలుసు. ఆయన అన్నాక దానికి అర్థం మారిపోయింది.

4. చచ్చినవాటిని పూడుస్తామని ఎత్తుకుపోయారు. మధ్యాహ్నం ముగింపు విందు. వంటపాక వెనక నా గొర్రెల తోళ్లు ఆరేసి ఉన్నాయి. చెవులకు నేను కోసిన గుర్తు ఉంది. వంటవాడు భీముణ్ణి పట్టుకుని, "ఇవి మందు ఊపిరిలోకి పోయి చచ్చినవిరా, ఇవేటి వండుతున్నావు?" అన్నాను.

"నానేటి సెయ్యను? ఒండమన్నారు, ఒండుతున్నాను. నానైతే ముట్టను" అన్నాడు.

ఆ విందుకు తమరూ దయచేశారు. లోపలికి వచ్చి చెప్పబోతే నన్ను గుమ్మం దగ్గరే ఆపేశారు. తమరు రెండోసారి వడ్డించుకోవడం నేను బయట నిలబడి చూశాను. ఇది తమకు చెప్పకూడని మాటే. కానీ తెలియకుండా ఉండకూడని మాట కూడా.

5. ఆ తర్వాత తమరే లేచి జగన్నాథరావుగారికి మెప్పుపత్రం ఇచ్చారు. ఏడు గొర్రెలకు మందు జయప్రదంగా పోశారని అందులో ఉంది. గొర్రెలు ముందే జబ్బువని సంఘం పుస్తకంలో రాశారట. జబ్బు గొర్రెలు మూడామడలు కొండదారిన నడిచి వస్తాయా? ఇది తెలియడానికి పుస్తకం కావాలా?

ఆ సాయంత్రం కాపరులంతా గెడ్డ ఒడ్డున మా అప్ప చుట్టూ చేరారు. ఒకరి మేకపోతును పట్టుకుని, వెదురు గొట్టంతో ఉత్త నీళ్లే పోసి చూపించింది. అందరి చేతా చేయించింది. గడ్డం ఎత్తిన జవాను కూడా వచ్చి కూర్చున్నాడు. అతని చేతుల్ని తన చేతులతో పట్టుకుని, ఎంత ఎత్తులో ఉంచాలో నేర్పింది. అతన్ని ఒక్క మాట అనలేదు. నేనైతే అనేవాణ్ణి.

6. కనుక నేను కోరునది ఏమనగా: నా గొర్రెలకు బదులు నాకేమియు అక్కరలేదు. కొయ్యూరులో ఆ మందు ఆ విధముగా పోయకుండ తక్షణము ఉత్తరువు చేయవలెను. గొర్రె గడ్డము ఎన్నడును పట్టి ఎరుగనివారిని పాఠము చెప్పనీయరాదు. మెప్పుపత్రము వెనుకకు తీసికొనవలెను.

ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పన లేదని ప్రమాణం చేస్తూ, తినకముందు వినిపించలేకపోయిన ఈ మనవిని ఇప్పుడైనా చిత్తగించవలెనని కోరుచున్నాను.

అలవాటు చొప్పున
తమ విధేయుడు,
పైడయ్య

మరొక మాట: ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఈ పొద్దున చదివి వినిపిద్దామని చూస్తే మా అప్ప గుమ్మంలో మూట కట్టుకుని నిలబడి ఉంది. "నువ్వు రాసుకోరా. ఆ దొర సదివీసరికి కొయ్యూరు గొర్రెలు సచ్చిపోతాయి. నాను ఎల్తన్నాను" అంది. దారిలో ప్రతి పల్లెలోనూ ఆగి కాపరులకు చెప్పుకుంటూ పోతుందట. ఈ కాగితం టపాలో వేసి నేనూ ఆమె వెనకే బయలుదేరుతున్నాను. ఈసారి అప్ప "ఇడిపించు" అంటే విడిపిస్తాను. తమ జవాబు ఏదైనా ఉంటే జామిగెడ్డకు వద్దు, కొయ్యూరుకు పంపించండి.