నలభై రెండు ఓముల చెయ్యి మహిమ

మార్టేరు, డిసెంబరు 12

చిరంజీవి వీరబ్రహ్మానికి, నీకు పదో తరగతిలో ఫిజిక్సు చెప్పిన వరలక్ష్మమ్మ దీవెనలు.

"చలికాలం కదండీ టీచరుగారూ, బ్యాటరీ వెచ్చగా ఉంటే మంచిదేనండి" అని ఫోనులో అన్నావు. తప్పు. వెచ్చగా ఉండాల్సింది దుప్పటి. ఫోనులో మాట గాలికి పోతుంది కనుక కాగితం మీద రాసి, మార్కెట్టుకు కొబ్బరికాయలు తోలే సత్తియ్య చేత పంపుతున్నాను. జవాబూ అలాగే ఇవ్వు.

నా కరెంటు స్కూటరు బ్యాటరీకి నువ్వు కొత్త సెల్లులు వేసిన దగ్గర్నుంచి, ఛార్జింగు పెడితే వేడికి మూత మీద చెయ్యి పెట్టలేకపోతున్నాను. ముందు నిండిన సెల్లు ఛార్జిని రెసిస్టరులో తగలేసి, వెనకబడ్డదాని కోసం ఆపుతారటగా? ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. మొద్దబ్బాయి కోసం తెలివైనవాడి మార్కులు తగలెయ్యలేదు.

మా శ్రీనివాసరాజు "ఇంకోసారి వేడెక్కితే స్కూటరు అమ్మేస్తానమ్మా" అంటున్నాడు. డెబ్బై మూడేళ్ల తల్లి ఎవర్నీ బతిమాలకుండా పెనుగొండ గుడికి వెళ్లొస్తుంటే కొడుక్కి కంటగింపు. నువ్వూ వాడూ కూడబలుక్కున్నారని నా అనుమానం.

అనుమానంతో,
వరలక్ష్మమ్మ

తా.క.: ఈ చలికి ఊళ్లో ఎవరికీ పెరుగు తోడుకోవడం లేదు. నాకు మాత్రం గడ్డ. చెయ్యి మహిమ.

పాలకొల్లు, డిసెంబరు 15

టీచరుగారి పాదాలకు నమస్కారాలండి.

శ్రీనివాసరాజుగారితో నేను టీ కూడా తాగలేదండి. నిండిన సెల్లు 4.2 వోల్టులు, రెసిస్టరు 42 ఓములు. పుట్టే వేడి అర వాటుకు లోపేనండి. నేను వేసింది ఒక వాటుది, మాడదు. ఓములు పెంచితే చల్లబడుతుంది గానీ సెల్లులు సమానం కావడానికి మరీ ఎక్కువసేపు పడుతుందండి. వెనకబడ్డ సెల్లు ఎక్కడ ఖాళీ అయితే బండి అక్కడే ఆగుతుంది కదండీ.

మార్కులు తగలెయ్యలేదు గానీ, నా కోసం క్లాసంతా ఆపి ఓం సూత్రం మూడుసార్లు చెప్పారండి. తెలివైనవాళ్లు ఆవులించారు. ఈ వేడి ఆ ఆవులింతేనండి.

మీ మొద్దబ్బాయి,
వీరబ్రహ్మం

తా.క.: ఛార్జింగప్పుడు పెట్టె మీద ఏమన్నా పెడుతున్నారేంటండి?

మార్టేరు, డిసెంబరు 18

వీరబ్రహ్మానికి,

ఏమీ పెట్టడం లేదు. అనుమానించడం నా పని, నీది కాదు. లెక్క సరిగ్గా వేశావు, అందుకే అనుమానం పెరిగింది. సత్తియ్య చేత బ్యాటరీ పంపుతున్నాను. వంద ఓముల రెసిస్టర్లు వేసి పంపు. ఎంతసేపైనా పట్టనీ, నాకు తొందరేముంది?

ఓ కన్నేసి ఉంచిన,
వరలక్ష్మమ్మ

తా.క.: మా కోడలు ప్రసన్నకుమారి ఉన్ని శాలువా కనబడడం లేదట. ఈ ఇంట్లో ఎవర్ని నమ్మాలో తెలియడం లేదు.

మార్టేరు, జనవరి 3

నాయనా వీరబ్రహ్మం,

నువ్వు వంద ఓములవి వేసి పంపాక పెట్టె చల్లగా ఉంది. అమ్మకం మాట ఆగింది. కానీ వారం రోజులుగా మా పెరుగు నీళ్లు. నా చెయ్యి మహిమ నలభై రెండు ఓములదని తేలింది.

నువ్వు "ఏమన్నా" అని అడిగితే పాలగిన్నె కూడా అందులోకి వస్తుందని తోచలేదు. ఛార్జింగు పెట్టి, మూత మీద తోడేసిన గిన్నె ఉంచి, పైన శాలువా కప్పేదాన్ని. వేడి పోయే దారి నేనే మూసి, నీ మీద పడ్డాను.

నిన్న శ్రీనివాసరాజు విస్తట్లో పెరుగు చూశాడు, నన్ను చూశాడు, మూలనున్న బ్యాటరీని చూశాడు. వాడికీ ఫిజిక్సు నేనే చెప్పాను. ఎందుకు చెప్పానో! సంగతి తేలితే స్కూటరు ఇల్లు దాటినట్టే.

సత్తియ్య చేత స్టీలు గిన్నె పంపుతున్నాను. ఆదివారం అందులోనే గడ్డ పెరుగు పోయించుకుని, పెరటి గుమ్మం వైపు నుంచి రా. కొట్టువాడి డబ్బాలో తెచ్చావో, కొన్నదని మావాడు పట్టేస్తాడు.

నీ టీచరు,
వరలక్ష్మమ్మ

తా.క.: గిన్నెకు చుట్టింది ప్రసన్నకుమారి శాలువా. పెరుగు మరక పోయేలా ఉతికించి తే.