మా కాలువ మీద మీ సభ్యుడు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న దీవెనలు. మేం క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాశాను. మొన్నటి వానకి మా కాలువ మీది చెక్కవంతెన కొట్టుకుపోయింది. బట్టలు కుట్టించుకునే వాళ్లంతా అవతలి ఒడ్డునే ఉన్నారు. మీ పెద్దమ్మ మోకాళ్ల నొప్పితో ఊరంతా చుట్టి మందుల షాపుకి వెళ్తోంది, తిరిగొచ్చి మంచం మీద కూలబడి ఏడుస్తోంది. నాకు చూడబుద్ధి కావడం లేదు. వంతెన పేరెత్తితే చాలు, వీధి వీధంతా మీ సభ్యుణ్ణి తలుచుకుంటోంది. ఏమని తలుచుకుంటోందో ఉత్తరంలో రాయకూడదు. ఆయన ఆఫీసులో కూర్చుని ఆయన మాటలన్నీ రాసిపెట్టేది నువ్వే కదా, కాస్త చెవిన వెయ్యి. మళ్లీ చట్టసభకి నిలబడుతున్నాడట. పనికొస్తాడో లేదో ఈ ఒక్క వంతెనతోనే తేల్చుకుంటాను.

ఇట్లు,
గిరాకీ లేని దర్జీ, మీ పెదనాన్న

తా.క. ఆయన హయాంలో పెరుగుదల కళ్లారా చూశాను, కోటు నడుం దగ్గర. ప్రతి ఎన్నికలకీ వదులు చేస్తూ వచ్చాను. ఇక వదలడానికి లోపల గుడ్డ లేదు.

*

పెదనాన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి మా ఆఫీసంతా ఉబ్బితబ్బిబ్బయింది. జనం దగ్గర్నుంచి ఏ ఉత్తరం వచ్చినా అందులో మంచి ముక్క ఏరి కరపత్రంలో వెయ్యడం మా ఆఫీసు పద్ధతి. మీదీ వేశాం: “వంతెన పేరెత్తితే చాలు, వీధి వీధంతా మా సభ్యుణ్ణి తలుచుకుంటోంది – ఒక దర్జీ.” పైన ‘వంతెనల వీరుడు’ అన్న శీర్షిక నాదే. మిగతాది చోటు చాలక వదిలేశాం.

మీ ఆశీస్సులు కోరే
అబ్బాయి

తా.క. “ఆయన హయాంలో పెరుగుదల కళ్లారా చూశాను” అన్నది వెనక పేజీలో వేశాం. అక్కడితో ఆపేశాం.

*

ఒరేయ్,

దీవెనలు తర్వాత. నీ కరపత్రం వీధిలో పడ్డప్పటినుంచి తలెత్తుకోలేకపోతున్నాను. “ఏం దర్జీగారూ, ఈ అబద్ధం ఎంతకి కుట్టారు?” అని చేపలమ్మే ఆవిడ నలుగురిలో కడిగేసింది. మీ పెద్దమ్మ మాట్లాడ్డం మానేసింది, అన్నం మాత్రం పెడుతోంది. బుద్ధుందా నీకు? మాకు కావలసింది చెక్కలురా, మందపాటి చెక్కలు! ఆ మహానుభావుడు ముఖం చూపించి ఎన్నాళ్లయింది? ఒక్కసారి ఈ ఒడ్డున ఆ ముఖం కనబడాలి.

ఒళ్లు మండుతున్న
పెదనాన్న

తా.క. ఈసారి ఏరడానికి వీల్లేకుండా రాశాను. ఏరు చూద్దాం.

*

పెదనాన్నగారికి నమస్కారాలు.

ఏరాం. “ఈ ఒడ్డున ఆ ముఖం కనబడాలి.” మీ కోరిక ప్రకారం సార్ ముఖం వేసిన బోర్డులు లారీలో పంపుతున్నాం. మందపాటి చెక్కలన్నారు కదా, అలాగే చేయించాం. ఒక్కొక్కటీ తలుపు కంటే పెద్దది.

అయితే ఓ చిక్కొచ్చి పడింది. సార్ కరపత్రం చదివారు. వంతెన కట్టించి కూడా మర్చిపోయేంత నిరాడంబరుణ్ణా అని మురిసిపోయి, శుక్రవారం ఫొటోగ్రాఫర్లని వెంటబెట్టుకుని దాని మీద నడవడానికి వస్తున్నారు. వంతెన లేదని చెప్పే ధైర్యం ఇక్కడ ఎవరికీ లేదు. నా ఉద్యోగం ఊడుతుంది, పెదనాన్నా! పెళ్లి కుదిరినవాణ్ణి. ఏదో ఒకటి చెయ్యండి, మీ కాళ్లు పట్టుకుంటాను.

వణుకుతూ,
మీ అబ్బాయి

తా.క. సార్ కొత్త కోటు కుట్టమన్నారు. నడుం కొలత మాత్రం రహస్యమట.

*

చిరంజీవికి దీవెనలు.

నీ ఉద్యోగానికి ఢోకా లేదు. మీ సార్ వచ్చాడు, చేతులూపాడు, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి దర్జాగా నడిచాడు. “భలే గట్టిగా కట్టించానే!” అని తన భుజం తనే తట్టుకున్నాడు. ఫొటోగ్రాఫర్ల మీదే కళ్లు, కాళ్ల కింద చూసుకుంటే కదా! చూసుకుని ఉంటే తనే కనబడేవాడు.

నీ లారీ వచ్చిన రోజే చేపలావిడా, నేనూ, వీధివాళ్లూ కలిసి ఆ బోర్డులు కాలువకి అడ్డంగా పరిచి మేకులు కొట్టేశాం. ముఖాలు పైకే పెట్టాం, వెనకవైపు నున్నగా ఉండి కాలు జారుతోంది. మీ పెద్దమ్మ ఇప్పుడు ఆయన నుదుటి మీంచి నడుచుకుంటూ వెళ్లి మందులు తెచ్చుకుంటోంది. నాతో మళ్లీ మాట్లాడుతోంది. ప్రాణం లేచొచ్చిందిరా!

తేల్చుకుంటానన్నాను కదా, తేల్చుకున్నాను. చట్టసభకి పనికొస్తాడని చచ్చినా చెప్పను. వంతెనకి మాత్రం పనికొచ్చాడు.

గిరాకీ తిరిగొచ్చిన
పెదనాన్న

తా.క. ఎలాగూ ఏరతావు కాబట్టి నీకు శ్రమ లేకుండా నేనే ఏరి ఇస్తున్నాను, వేసుకో: “మా వీధి బరువంతా ఆయనే మోస్తున్నాడు – ఒక దర్జీ.”