తలుపు గీయని ప్లాను

ప్రియమైన మా చిట్టి కొలబద్దకు,

ఆ రోజు ఏం జరిగిందో రాయమన్నావు. పొద్దున ఏడింటికి మీ అమ్మ రెండు గుక్కలు పాలు తాగింది. తొమ్మిదింటికి నర్సు వచ్చి, దుప్పటి మార్చి వెళ్లింది. తర్వాత మీ అమ్మ కాసేపు మాట్లాడింది. పదకొండూ పదికి ఊపిరి ఆగింది. బాధ పడలేదు. నేను పక్కనే ఉన్నాను. నువ్వు ఒంటిగంటకు వచ్చావు. ఇంతకంటే ఏమీ లేదు.

రెండో ఏడాదిలోకి వచ్చావు. చదువు చూసుకో.

ఇంట్లో కూర్చోబుద్ధి కావడం లేదు. రోజుకు నాలుగుసార్లు వీధి చివరిదాకా వెళ్లి వస్తున్నాను. పనేమీ ఉండదు.

నాన్న


ప్రియమైన నాన్నకు,

ఫోన్ చేస్తే "బాగున్నాను, పెట్టేయ్" అంటావు. అందుకే ఈ ఉత్తరాలు.

నేను ఇంటీరియర్ ఆర్కిటెక్చర్‌లో పీజీ చేస్తానంటే, "సోఫాలకు రంగులు ఎంచడానికి రెండేళ్లా?" అన్నావు. అమ్మ నీ నోరు మూయించింది గుర్తుందా? "మీరు గోడలు కట్టేసి పోతారు. వాటి మధ్య తిరిగి మోచేతులు కొట్టుకునేది మేం" అంది. నా ప్రాజెక్టు అదే నాన్నా. మంచాన పడ్డ మనిషికి ఇల్లు ఎలా ఉండాలి? అమ్మ గదే తీసుకున్నాను. కొలతలు లేనిదే మా మేడమ్ ఒక్క మాటా వినదు. గది కొలిచి ప్లాను గీసి పంపించవా?

నీ కొలబద్ద


ప్రియమైన చిట్టితల్లికి,

ప్లాను పంపుతున్నాను. కిటికీ ఎత్తు కూడా వేశాను. కొలతలు నమ్మవచ్చు.

వంటింటి అల్మారా మూడుసార్లు సర్దాను. ఇప్పుడు చెంచాలు ఎక్కడ పెట్టానో దొరకడం లేదు.

నాన్న


ప్రియమైన నాన్నకు,

ముప్పై రెండేళ్లు ఇళ్ల ప్లాన్లు గీసిన ఇంజనీరువి. గదికి తలుపే మరిచిపోయావా? ద్వారం వెడల్పూ వేయలేదు. "మీ ఇంట్లో అందరూ కిటికీలోంచి దూకేవారా?" అంది మేడమ్. క్లాసంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు నేను వచ్చేసరికి తలుపు ఊడదీసి గోడకు ఆనించి ఉంది. అమ్మను బయటికి తేవడానికి తీశారనుకున్నాను. మొన్న పక్కవీధి పిన్నిని అడిగితే, అందరికంటే ముందు తనే వచ్చిందట. అప్పటికే తలుపు ఊడదీసి ఉందంది.

ఎందుకు తీశావు నాన్నా? ఈ గది నాకు సగమే తెలుసు. నాలుగు వారాలుగా గీస్తున్నాను, చెరిపేస్తున్నాను. నువ్వు చెప్పకపోతే శుక్రవారం కాలేజీలో పేరు కొట్టేయించుకుని వచ్చేస్తాను. బెదిరింపు కాదు. నావల్ల కావడం లేదు.

నీ కూతురు


ప్రియమైన తల్లీ,

రావద్దు. చెప్తాను.

నేను పక్కన లేను. మొదటి ఉత్తరంలో అబద్ధం రాశాను.

నర్సు వెళ్లాక మీ అమ్మ, "ముందుగదిలో కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి, వీధి చూస్తాను" అంది. ఎత్తితే తట్టుకోలేదు. మంచానికి చక్రాలున్నాయి కదా అని తోశాను. తెరిచి ఉన్న తలుపు మందం అడ్డొచ్చి, కొద్దిలో మంచం ద్వారంలో పట్టలేదు. ఇల్లు కట్టేటప్పుడు గోడ బీరువా కోసం ఆ ద్వారాన్ని జానెడు తగ్గించింది నేనే. అప్పుడే వద్దంది ఆమె.

మంచం వెనక్కి లాగి, తలుపు ఊడదీయడం మొదలుపెట్టాను. స్క్రూలు పాత రంగులో బిగుసుకుపోయాయి.

"ఇంజనీరు గారూ, ఇంకెంతసేపు?"

"ఒక్క నిమిషం."

"మీ నిమిషాలు నాకు తెలియనివా?" అని నవ్వింది.

చివరి స్క్రూ ఊడింది. తలుపు గోడకు ఆనించి వెనక్కి తిరిగాను. పదకొండూ పది అన్నది నేను గడియారం చూసిన సమయం. ఊపిరి ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు.

ఆ తర్వాత ఆ గదిలో అడుగుపెట్టలేదు. పాత కాగితాలు చూసి నీ ప్లాను గీశాను. ద్వారం దగ్గర చెయ్యి ఆగిపోయింది. తలుపు ఊడదీశాక ద్వారంలో మంచం పట్టేదో లేదో ఇప్పటికీ తెలియదు. పట్టదంటే ఆమె ఆఖరి గంట స్క్రూల పాలు చేశాను. పడుతుందంటే ఆ పని వారం ముందే చేయాల్సింది. రెండింటిలో ఏది వినాలన్నా భయమేసి వీధులు తిరుగుతున్నాను.

నువ్వు పేరు కొట్టేయించుకోకు. నీకు కావలసిన కొలత ఈ ఇంట్లోనే ఉంది.

రేపు పొద్దున ఆ గదిలోకి వెళ్తాను. మంచాన్ని ద్వారం దాకా తోస్తాను. పట్టినా, పట్టకపోయినా, టేపు పెట్టి ఉన్నదున్నట్టు రాసి పంపుతాను.

నాన్న