నీ నడుం బెల్టు

తిప్పేస్వామీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. గనులకు లారీలు తిప్పి చేతిలో డబ్బాడినప్పుడు మనిద్దరం నేర్చుకున్న గోల్ఫు ఆడడానికి పొద్దున ఒక్కణ్ణే వెళ్లాను.

నా నడుము కీళ్లవాతంతో బిగుసుకుపోయాక, గుంతలో పడిన నా బంతిని ప్రతిసారీ నువ్వే వంగి తీసి, ఎర్రదుమ్ము నీ చొక్కాకు తుడిచి ఇచ్చేవాడివి. “నువ్వు వంగొద్దప్పా, నేనుండా కదా” అనేవాడివి.

నిన్న మీ ఆవిడ నడుం బెల్టొకటి తెచ్చి నా చేతికిచ్చింది.

“ఇది ఆయప్పదేన్నా. నీకుండే నొప్పే ఆయప్పకూ ఉండె. చొక్కాలోపల కట్టుకోని ఆటకొస్తాండె” అంది.

ఈరోజు అది కట్టుకునే ఆడాను. చివరి గుంతలో బంతి పడగానే అలవాటుగా నీకోసం ఆగాను. తర్వాత కర్ర ఊతంగా పట్టుకుని నేనే వంగి తీశాను.

ఎంత నొప్పెట్టిందో నీకు చెప్పక్కర్లేదు. నువ్వు మాత్రం ప్రతిసారీ నవ్వుతూనే లేచేవాడివి.