ఉల్లిపొట్టు కషాయం పారబోశాను

వదినా, లేవగానే టీ తాగకు. పరగడుపునే వెళ్లి షుగర్ పరీక్ష చేయించుకో. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం, స్కూటర్ తాళం టీవీ పక్కన పెట్టాను.

పొయ్యి మీది ఉల్లిపొట్టు కషాయం నేనే పారబోశాను. మళ్లీ కాయకు.

అందులో ఫ్లేవనాయిడ్లుంటాయి, అవి యాంటీ ఆక్సిడెంట్లు, షుగర్ రాకుండా ఆపేస్తాయి అని అన్నాల దగ్గర పెద్ద పండితుడిలా చెప్పింది నేనే కదా. మొదటి రెండు మాటలూ నిజమే. మూడోది మా ల్యాబులో ఈ కషాయం పట్టించిన ఎలుకల్ని చూసి అన్నాను. నిన్న ల్యాబు పాత ఫొటోలు తిరగేస్తుంటే తెలిసింది, బోనులు కడిగిన రోజున ఏ ఎలుకలకు ఏది ఇస్తున్నామో రాసిన అట్టలు తారుమారుగా తగిలించానని. షుగర్ పెరగనివి వట్టి నీళ్లు ఇచ్చిన ఎలుకలు.

"షుగర్ అంచు మీదున్నావు, నెలలో మళ్లీ రా" అని డాక్టరమ్మ చెప్పినా నువ్వు మూడు నెలలుగా అటు వెళ్లలేదు. "ఇంట్లో సైంటిస్టు మరిదిని పెట్టుకుని ఆవిడెందుకు?" అన్నావు. నేను మురిసిపోయి ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది.

మా ల్యాబు మేడమ్‌తో ఒప్పుకోవడానికే ఇంత పొద్దున్నే వెళుతున్నాను. ఆవిడకు చెప్పే ధైర్యం ఎలాగో వచ్చింది కానీ, నీ మొహం చూసి చెప్పే ధైర్యం రాలేదు. అన్నయ్యకు సాయంత్రం నేనే చెబుతాను, నువ్వు నన్ను వెనకేసుకురాకు.

ఇంకొకటి. ఎలుకలు ఆ చేదు తాగవు, నోట్లో గొట్టం పెట్టి పట్టించేవాళ్లం. నువ్వు మాత్రం రోజూ గ్లాసెడు తాగి, నా మొహం చూసి, "బాగానే ఉందిలే" అనేదానివి.